పసుపు పళ్లెంలో ఆరో డిస్కు

ఆ రోజు పొద్దున ఆరున్నరకు లేచి రేణు క్యాలెండరు కాగితం వెనకవైపు నాలుగు పనులు రాసుకుంది. ఒకటి, డిస్కు తయారు చెయ్యడం. రెండు, ఆ డిస్కుతో ఎనిమిది కంప్యూటర్లలోనూ కొత్త సిస్టమ్ ఎక్కించడం. మూడు, గదిలో బూజు దులపడం. నాలుగు, రేపు వచ్చే అధికారికి టీ ఇవ్వడానికి కప్పులు వెతకడం. నాలుగింటిలోనూ నాలుగోదే కష్టమని ఆమె అనుకుంది. ఆ ఇంట్లో ఒకే రకం కప్పులు రెండు ఒకచోట దొరికిన పాపాన పోలేదు.

వేప్పనపల్లిలో రేణు నడిపే కంప్యూటర్ సెంటర్ అంటే ఆమె అత్తగారింటి ముందు గదే. బెంగళూరులో ఏదో ఆఫీసు మూసేస్తుంటే చవకగా దొరికిన ఎనిమిది పాత కంప్యూటర్లు, వాటి ముందు ఎనిమిది ప్లాస్టిక్ కుర్చీలు. ముప్పైరెండు మంది నేర్చుకుంటున్నారు, వాళ్లలో ఇరవైయారు మంది ఆడపిల్లలు. నేర్చుకోవడం ఇక్కడే అయినా పరీక్ష రాయాలంటే కృష్ణగిరికి పోవాలి. పోయిన ఏడాది పదకొండు మంది పిల్లలను, తోడు పోయేవాళ్లు లేరని ఇళ్లల్లో పంపలేదు. వాళ్ల హాల్ టికెట్లు రేణు బల్ల సొరుగులో ఇప్పటికీ ఉన్నాయి. సొరుగు తెరిచినప్పుడల్లా ఆమెకు బాధ, దాని వెనకే కోపం వచ్చేవి. అందుకే పరీక్ష ఈ ఊళ్లోనే జరిపించమని అర్జీ పెట్టింది. ఆరు నెలల పాటు ఉత్తరాల మీద ఉత్తరాలు రాయగా, మాదేశ్ అనే తనిఖీ అధికారి రేపు పది గంటలకు వస్తున్నాడని కబురొచ్చింది. ఆయన సరే అంటే పరీక్ష ఇక్కడే. కాదంటే మళ్లీ రెండేళ్ల దాకా అడగడానికి లేదు.

షరతు ఒకటే. అన్ని కంప్యూటర్లలోనూ ఒకే కొత్త సిస్టమ్ ఉండాలి, అందులో ఈ నెల వరకు వచ్చిన సవరణలన్నీ కలిసి ఉండాలి. ఆ ఊళ్లో నెట్ వేగానికి ఒక్కో కంప్యూటరు తన సవరణలు తెచ్చుకోవాలంటే రోజున్నర పడుతుంది, ఎనిమిదింటికి పన్నెండు రోజులు. పెన్‌డ్రైవ్‌తో పని కానిద్దామంటే, ఆన్ చేసేటప్పుడు ఆ పాత యంత్రాలు పెన్‌డ్రైవ్‌ను గుర్తుపట్టవు, డిస్కునైతేనే గుర్తుపడతాయి. అందుకని రేణు వారం రోజులు కూర్చుని, ఉచితంగా దొరికే లినక్స్ సిస్టమ్‌లో సవరణలన్నీ ముందే కలిపేసి ఒకే పెద్ద ఫైలుగా చేసింది. ఇక దాన్ని డిస్కు మీద రాయాలి. ఆ డిస్కు పెట్టి ఆన్ చేస్తే కంప్యూటరు దాంతోనే మేలుకుని, ఇరవై నిమిషాల్లో అంతా ఎక్కించుకుంటుంది.

ఖాళీ డిస్కుల కోసం నిన్న కృష్ణగిరి వెళ్తే, బస్టాండు దగ్గర అంగడాయన అటక ఎక్కి, దుమ్ము దులిపి ఆరు తీసి ఇచ్చాడు.

"ఇంక లేవమ్మా. ఇవి కొనే మనిషి ఇంగా ఒకరుండారని తెలిసింటే తెప్పిచ్చి పెట్టుండేవాణ్ని" అన్నాడు.

ఒకటి చాలే, ఆరెందుకు అనుకుంటూనే రేణు ఆరూ తీసుకుంది. అంత ధీమా ఉన్న మనిషికి జరగవలసిందే మర్నాడు జరిగింది.

డిస్కు రాసే భాగం మొదటి కంప్యూటర్‌కు మాత్రమే ఉంది. పొద్దున ఏడింటికి దాని ముందు కూర్చుని, ఆత్రంలో, ఆ పెద్ద ఫైలును పాటలు కాపీ చేసినట్టే డిస్కులోకి కాపీ చేసింది. పక్క కంప్యూటర్‌లో పెట్టి ఆన్ చేస్తే, బూట్ అయ్యే డిస్కు, అంటే యంత్రాన్ని మేలుకొలిపే డిస్కు, ఏదీ లేదని నల్ల తెర మీద తెల్ల అక్షరాలు పడ్డాయి. ఫైలును కాపీ చెయ్యకూడదు, లోపలున్నదంతా విప్పి డిస్కు మీద పరిచేలా రాయించాలి. తెలిసిన సంగతే. బియ్యం మూటను మూటగానే పొయ్యి మీద పెట్టి అన్నం కాలేదేమని చూసినట్టయింది. రేణు తనను తాను నాలుగు తిట్టుకుని రెండోది పెట్టింది.

రెండోది సగంలో ఉండగా వంటింట్లో అత్తగారు మారక్క మిక్సీ వేసింది, ఇంటి ఫ్యూజు పోయింది. మూడోది తొందరపడి మరీ వేగంగా రాయిస్తే చివర్లో చదవలేనంది. నాలుగోది భేషుగ్గా పనిచేసింది, కాని అందులో రాసింది సవరణలు కలపక ముందటి పాత ఫైలు. ఐదోది మాత్రం అన్ని విధాలా సరిగ్గా వచ్చింది. అప్పుడు మామగారు రామకృష్ణప్ప లోపలికి వచ్చాడు.

ఆయనకు ఊరి చివర నలభై మామిడి చెట్ల తోట ఉంది. కాయ పండే కాలంలో చిలకలు గుంపులుగా వచ్చి పడతాయి. తళతళలాడే డిస్కులు కొమ్మలకు కట్టి గాలికి తిప్పితే చిలకలు బెదురుతాయని ఆయన నమ్మకం. సెంటర్‌లో చెడిపోయిన ప్రతి డిస్కూ తోటకే చేరుతుంది. పొద్దున్నుంచి నాలుగు చెడిపోయాయని తెలిసి ఆయనకు ఆ రోజు చాలా మంచి రోజనిపించింది.

"ఇది కూడా చెడిపోయిందామ్మా?" అని ఐదోదాన్ని చేతిలోకి తీసుకుని, వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూశాడు.

"లేదు మామా, అది బాగుండాది. ఈడ పెట్టు."

ఆయన పెట్టాడు. కాని తెల్లవారే తోటకు పోయి కాయలు పట్టి చూసి వచ్చిన చేతులవి. వేళ్లకున్న మామిడి సొన డిస్కు అద్దం మీద రెండు ముద్రలు వేసింది. రేణు తుడిచే లోపల అవి అద్దాన్ని తినేశాయి.

"ఇప్పుడు చెడిపోయింది మామా" అంది రేణు.

"అట్లనా! అయితే ఐదూ కట్టగట్టి పెట్టమ్మా, సాయంత్రం ఎత్తుకోని పోతాను" అని ఆయన తేలిక మనసుతో స్నానానికి నీళ్లు కాచుకోవడానికి వెళ్లిపోయాడు.

ఆరో డిస్కు పెట్టేటప్పుడు రేణు గది తలుపు గడియ వేసింది. అత్తగారి చేత మిక్సీ తీగ పీకించింది. వేగం బాగా తగ్గించింది, ఫైలు పేరు మూడుసార్లు చదువుకుంది. పది గంటలకు డిస్కు వెచ్చగా బయటికొచ్చింది. మొదటి కంప్యూటర్‌లో అదే పెట్టి ఆన్ చేస్తే, సరిగ్గా ఇరవై నిమిషాల్లో కొత్త సిస్టమ్ ఎక్కి కూర్చుంది. ఈ నెల సవరణలతో సహా అంతా ఉంది. రేణుకు సంతోషం పట్టలేక ఒక్కతే చప్పట్లు కొట్టింది. డిస్కు పైన సిరాతో 6 అని అంకె వేసి బల్ల మీద పెట్టింది. రెండో కంప్యూటర్ ఆన్ చెయ్యబోతుంటే కరెంటు పోయింది.

"అత్తా, కరెంటొచ్చే లోపల రెండు బిందెలు నీళ్లు పట్టేసి వస్తాను. ఆ డిస్కు జాగర్త. రేపు ఆ సార్ ముందర మనల్ని నిలబెట్టేది అదొక్కటే" అని చెప్పి రేణు కొళాయి వైపు వెళ్లింది.

ఆ మాట మారక్కకు గట్టిగా తగిలింది. మోటారు బిగించినప్పుడు పూజ చేశారు, స్కూటరు కొన్నప్పుడు పూజ చేశారు. ఇంటి పరువు నిలబెట్టే వస్తువును ఇట్లా బల్ల మీద పడేసి ఉంచడమేమిటి? డిస్కును చేతిలోకి తీసుకుని రెండు వైపులా చూసింది. ఒక వైపు ఏదో అంకె గీకి ఉంది, ఇంకో వైపు అద్దంలా మెరుస్తోంది. మెరిసేదే మొహమని తేల్చుకుని, దానికి మూడు వేళ్లతో పసుపు పూసింది. నడుమ బొట్టు పెడదామంటే అక్కడ చిల్లు ఉంది. అందుకని చిల్లు చుట్టూ నాలుగు కుంకుమ బొట్లు పెట్టి, ఇత్తడి పళ్లెంలో దేవుడి గూట్లో ఉంచి, దండం పెట్టుకుని, పప్పు చూసుకోవడానికి పోయింది.

ఇక్కడ ఆ ఇత్తడి పళ్లెం గురించి ఒక మాట చెప్పాలి. ఏటా కాయ కోత మొదలుపెట్టే రోజున మారక్క పసుపు గుడ్డలో నవధాన్యాలు మూటగట్టి ఆ పళ్లెంలో పెడుతుంది. రామకృష్ణప్ప స్నానం చేసి వచ్చి, ఆ మూట తీసుకుపోయి, తోటలో మొదటి చెట్టుకు తూర్పు కొమ్మన కడతాడు. ఆ తరువాతే కోత. ముప్పై ఏళ్లుగా ఈ పని మీద మొగుడూ పెళ్లాల మధ్య ఒక్క మాట అవసరం పడలేదు. అవసరం పడలేదు కాబట్టే, ఈ ఏడు కోత ఈ రోజని ఆయన, రేపని ఆమె అనుకుంటున్నారని ఇద్దరికీ తెలియదు.

రామకృష్ణప్ప స్నానం చేసి, పంచె మార్చుకుని, దేవుడి గూటి ముందు నిలబడ్డాడు. పళ్లెంలో మూట లేదు, పసుపూ కుంకుమా పెట్టిన డిస్కు ఉంది. ఆయన క్షణం ఆలోచించాడు. చదువుకున్న కోడలు వచ్చాక ఇంట్లో పద్ధతులు కొంచెం మారడం సహజమే. పైగా మూట చిలకలను ఏనాడూ ఆపలేదు. ఆయన డిస్కును కళ్లకద్దుకుని, పురికొస తీసుకుని, సెల్ఫోను ఎప్పటిలాగే గోడ మేకుకు వదిలేసి తోటకు నడిచాడు.

కొళాయి దగ్గర వరస కదిలి రేణు ఇల్లు చేరేసరికి పన్నెండున్నర. అప్పుడే కరెంటు వచ్చింది. రేణు బల్ల మీద చూసింది, బల్ల కింద చూసింది, కుర్చీల కింద చూసింది.

"అత్తా, డిస్కు యాడ?"

"దేవుని కాడ పెట్టినాను లేమ్మా. ఊరికే అట్ల పడేస్తారా యాడన్నా?"

ఇద్దరూ వెళ్లి చూస్తే పళ్లెంలో పసుపు మరకలు తప్ప ఏమీ లేవు. మారక్క పళ్లెం వైపు, దేవుడి పటం వైపు మార్చి మార్చి చూసింది. ముందు ఆమెకు భక్తి కలిగింది. ఆ తరువాత గోడ మేకుకు పురికొస ఉండ లేదని గమనించి, నోటి మీద చెయ్యి వేసుకుంది.

"అయ్యో! మీ మామ కోత ఈ పొద్దే అనుకున్నట్టుండాడు రేణూ. చెట్టుకు కట్టను ఎత్తుకోని పోయినాడు!"

రేణు వెంటనే మామకు ఫోను చేసింది. ఆయన ఫోను గోడ మీదే మోగింది. అప్పుడు హోసూరులో కార్ఖానా పనిలో ఉన్న భర్త యతీశ్‌కు చేసింది. భోజనాల వేళ కాబట్టి ఎత్తాడు.

"ఆడ ఖాళీ డీవీడీ ఒకటన్నా దొరుకుతుందేమో చూడు. ఒకటి చాలు."

అరగంటకు అతడే తిరిగి చేశాడు. "గేటు బయట నాలుగు అంగళ్లు తిరిగినాను రేణూ. మూడు అంగళ్లలో నవ్వినారు. నాలుగో ఆయన నవ్వలేదు, కూర్చోబెట్టి టీ ఇచ్చినాడు. ఆయన కాడ కూడా డిస్కు లేదు."

ఇక చెట్టు మీదున్నదే గతి. రేణు స్కూటరు తీసింది. తప్పు తనది కాబట్టి తానూ వస్తానని మారక్క వెనక కూర్చుంది.

తోటలో గాలి బాగా వీస్తోంది. నాలుగేళ్లుగా కట్టిన డిస్కులు అరవైకి పైగా కొమ్మల మధ్య గిరగిరా తిరుగుతూ కళ్లలో ఎండ కొడుతున్నాయి. ఎవరి పెళ్లి వీడియోలో, ఎవరి సినిమాలో, రేణు పాత తప్పులో అన్నీ అక్కడే ఉన్నాయి. మొదటి చెట్టు దగ్గరికి పోయి తూర్పు కొమ్మ చూస్తే పురికొస ముక్క మాత్రం వేలాడుతోంది. కింద రామకృష్ణప్ప గంపలోకి కాయలు సర్దుకుంటున్నాడు.

"మామా! ఈడ కట్టిన డిస్కు ఏమైంది?"

"అదా? నాగేశప్ప ఎత్తుకోని పోయినాడమ్మా."

"ఎందుకిస్తివి మామా?"

రామకృష్ణప్ప తీరిగ్గా చెప్పాడు. తాను కొమ్మ ఎక్కి డిస్కు కడుతుంటే చెట్టు మీది చిలకలన్నీ ఒక్కసారి లేచిపోయాయి. పక్క పొలం నాగేశప్ప అది చూశాడు. మనిషి కొమ్మెక్కి ఊపితే చిలకలు లేవక ఏం చేస్తాయన్న ఆలోచన ఇద్దరిలో ఎవరికీ రాలేదు. పోయిన వారమే నాగేశప్ప టమాటా తోటలో ఏనుగులు పడి సగం పంట తొక్కేశాయి. కంప్యూటర్లో చేసిన డిస్కు, దాని మీద మారక్క చేతి పసుపు, చూస్తుండగానే చిలకలు పారిపోయాయి. చిలకలకే ఇంత పనిచేస్తే ఏనుగులకు చెయ్యదా అని అతడు బతిమాలాడు.

"తెల్లారేపాటికి తెచ్చిస్తానన్నాడు. వాని కష్టం చూడలేక ఇచ్చినాను. తప్పామ్మా?" అన్నాడు రామకృష్ణప్ప.

తప్పో ఒప్పో చెప్పే తీరిక రేణుకు లేదు. అత్తా కోడళ్లు గట్టు వెంబడి పరుగులాంటి నడకతో నాగేశప్ప పొలానికి వెళ్లారు. మోటారు కొట్టం ముందు నాగేశప్ప గొంతుకూర్చుని, డిస్కును మోకాలి మీద పెట్టుకుని, ఇనుము కోసే రంపం బ్లేడుతో దానికి కొలత చూసుకుంటున్నాడు.

"నాగేశప్ప మామా, ఆగు!" అని రేణు గట్టు మీద నుంచే అరిచింది.

అతడు ఉలిక్కిపడి బ్లేడు ఎత్తాడు. "ఏమైందమ్మా?"

"ఏం చేస్తా ఉండావు?"

"నాలుగు భాగాలు చేస్తా ఉండాను, తెల్లారి నాలుగూ కలిపి తెచ్చిచ్చేస్తాను. మేము నలుగురు అన్నదమ్ములం గదా, ఏనుగులు నలుగురి పొలాల్లోనూ పడినాయి. దేవునికి పెట్టింది నేనొక్కణ్నే ఉంచుకుంటే బాగుంటాదా?"

గుడిలో ఇచ్చిన కొబ్బరి చిప్పనైనా ఇంటికి తెచ్చి అందరికీ పంచే మనిషి. అతడి న్యాయం అతడిది. కోపం తెచ్చుకోవడానికి కూడా రేణుకు సందు దొరకలేదు.

"మామా, ఇది పిల్లోళ్ల పరీక్షకు చేసిన డిస్కు. ఇది లేకుంటే రేపు సెంటరుకు అనుమతి రాదు. నీకు దీని బదులు ఐదు ఇస్తాను. ఇది నాకిచ్చేయి."

నాగేశప్ప ఆలోచించాడు. "ఐదింటికీ పూజ చేసి ఇస్తారా?"

రేణు అత్తగారి వైపు చూసింది. మారక్క కొంగు సర్దుకుని, "పసుపు నా చేతిదే గదా. పెడతాను పద" అంది, కొంచెం గర్వంగానే.

నాగేశప్ప మారక్కను మోపెడ్ మీద ఎక్కించుకుని ఊళ్లోకి బయలుదేరాడు. దారిలో కనిపించిన ప్రతి మనిషి దగ్గరా బండి ఆపి సంగతి చెప్పాడు. అది అతడి తప్పు కాదు. ఏనుగుల బాధ అందరిదీ.

రేణు మోటారు గొట్టం దగ్గర కూర్చుని డిస్కు మీద సన్నగా నీళ్లు వదిలింది. పావడ అంచు మెత్తని గుడ్డతో నడిమి నుంచి అంచుకు, నడిమి నుంచి అంచుకు నెమ్మదిగా తుడిచింది. కుంకుమ పోయింది. పసుపు చాలావరకు పోయి, పలచని పచ్చదనం మిగిలింది. గీతలు లేవు. కాని పనిచేస్తుందా? చెయ్యకపోతే మొదటి కంప్యూటర్ తప్ప మిగతా ఏడూ రేపు పాత సిస్టమ్‌తోనే కూర్చుంటాయి. అంతలో ఫోను మోగింది.

"రేణు గారేనా? నేను మాదేశ్, కృష్ణగిరి నుంచి. బర్గూరు సెంటరులో పొద్దంతా పడుతుందనుకున్నాను. పది నిమిషాల్లో అయిపోయింది, పన్నెండు మెషిన్లూ వేస్ట్. అందుకని రేపటి పని ఈ పొద్దే చూసేద్దామని వచ్చేసినాను. మీ ఇంటి ముందరే ఉండాను. ఏమ్మా, మీ ఊళ్లో ఈ పొద్దు తిరునాళ్లా?"

రేణు డిస్కును పైట చెంగులో చుట్టుకుని స్కూటరెక్కింది.

ఇంటి ముందు పద్నాలుగు మంది రైతులు వరసగా నిలబడి ఉన్నారు. ఒక్కొక్కరి చేతిలో ఇంట్లో వెతికి తెచ్చుకున్న డిస్కు ఒకటి. ఒకాయన రేకు పళ్లెమే తెచ్చాడు. అరుగు మీద మారక్క పీట వేసుకుని, గిన్నెలో పసుపు కలుపుకుని, ఒక్కోదానికి నాలుగు బొట్లు పెట్టి ఇస్తోంది. వరసలో ఆరో మనిషి ప్యాంటు వేసుకుని, చంకలో ఫైలు పెట్టుకుని, చెమట తుడుచుకుంటున్నాడు.

"నేను కంప్యూటర్లు చూడను వచ్చినానమ్మా" అన్నాడాయన అప్పటికి మూడోసారి.

"అందరూ దానికే వచ్చినారప్పా. నీ వంతు వచ్చినప్పుడు రా. డిస్కు తెచ్చినావా?" అంది మారక్క తలెత్తకుండా.

ఆయన దగ్గర నిజంగానే ఒక డిస్కు ఉంది. ప్లాస్టిక్ కవరులో, పైన ప్రభుత్వ ముద్రతో. అది చూసి మారక్క, "బాగుండాది, గట్టిది" అని మెచ్చుకుంది.

రేణు స్కూటరు పడేసినంత పని చేసి పరుగున వచ్చి, ఆయనను లోపలికి తీసుకుపోయి కుర్చీ వేసింది. మాదేశ్ కూర్చోలేదు. "ఇది కంప్యూటర్ సెంటరా, కోవిలా?" అని అడిగాడు. రేణు మొదటి కంప్యూటర్ ఆన్ చేసి చూపించింది. ఆయన అన్నీ నొక్కి చూసి తల ఊపాడు.

"ఇది సరే. మిగతా ఏడు?"

"నా డిస్కుతో ఒక్కోటి ఇరవై నిమిషాలు సార్. ఇప్పుడే ఎక్కిస్తాను."

"నీ డిస్కు వద్దమ్మా. సిస్టమ్ ఎక్కని మెషిన్లను రూలు ప్రకారం మా ఆఫీసు డిస్కుతో చూడాల. దీన్ని మెషిను ఎత్తుకుంటే మంచి మెషిను. ఎత్తుకోలేదంటే, మెషినే పనికిరాదని రాసేయాల."

ఆయన ముద్ర ఉన్న డిస్కును రెండో కంప్యూటర్‌లో పెట్టి ఆన్ చేశాడు. డ్రైవు కాసేపు తిరిగింది. నల్ల తెర మీద తెల్ల అక్షరాలు పడ్డాయి: బూట్ అయ్యే డిస్కు ఏదీ లేదు. మాదేశ్ ఆశ్చర్యపోలేదు, విచారించలేదు. అలవాటైన చేత్తో జేబులోంచి కలం తీసి, ఫైలు తెరిచి, రెండో గడిలో రాయబోయాడు.

రేణుకు సొరుగులోని పదకొండు హాల్ టికెట్లు కళ్ల ముందు కదిలాయి. ఆ వెంటనే ఇంకోటి తట్టింది. ఈ తెల్ల అక్షరాలు ఆమెకు కొత్త కాదు. పొద్దున ఏడున్నరకు ఇదే తెర మీద ఇవే చదివింది.

"సార్, ఒక్క నిమిషం. ఆ డిస్కు ఇట్ల ఇస్తారా?"

మొదటి కంప్యూటర్‌లో పెట్టి లోపల ఏముందో తెరిచింది. ఒకే ఒక్క పెద్ద ఫైలు ఉంది, విప్పని మూటలా. పైగా దాని తేదీ ఆరు నెలల కిందటిది.

"సార్, మీ ఆఫీసులో ఫైలును అట్లనే కాపీ చేసినారు. ఇట్ల చేస్తే యాడా బూట్ కాదు. నేను కూడా ఈ పొద్దు ఇట్లాంటిది ఒకటి చేసినాను. అది బయట నాగేశప్ప మామ చేతిలో ఉండాది, కావాలంటే చూడండి."

మాదేశ్ కలం ఎత్తిన చోటే ఆగిపోయింది.

"ఇంతవరకు ఎన్ని సెంటర్లు చూసినారు సార్?"

"బర్గూరుతో నాలుగు."

"ఎన్ని పాసైనాయి?"

"ఒకటీ లేదు."

"మెషిన్లు?"

"నలభై ఒకటి" అన్నాడు మాదేశ్ మెల్లగా. ఆ అంకె తన నోటి నుంచి తనకే వినిపించినప్పుడు, ఆయన మొదటిసారి కుర్చీలో కూర్చున్నాడు.

రేణు పైట చెంగు విప్పి తన డిస్కు తీసింది. దాని పచ్చదనం చూడ్డానికి ఆయన కుర్చీలో ముందుకు వంగాడు. రెండో కంప్యూటర్‌లో పెట్టి ఆన్ చేసింది. డ్రైవు తిరిగింది, ఆగింది, ఒకసారి దగ్గింది, మళ్లీ తిరిగింది. మారక్క కిటికీలోంచి చూస్తూ పసుపు చేతులతోనే దండం పెట్టింది. తెర మీద నీలం రంగు పరుచుకుని, ఏ భాష కావాలని అడిగింది.

"తెలుగు పెట్టమ్మా" అన్నాడు మాదేశ్, అడిగింది తననే అయినట్టు. ఆ మాటకు ఆయనే నవ్వాడు. రేణుకు మాత్రం కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆరు గంటలకల్లా ఏడు కంప్యూటర్లూ అయిపోయాయి. అంతసేపూ మాదేశ్ రెండు రకాల కప్పుల్లో రెండు టీలు తాగి, కోసిన మొదటి గంపలోని నాలుగు మామిడి పళ్లు తిన్నాడు. ఎనిమిది గడుల్లోనూ సరే అని రాసి సంతకం పెట్టాడు. ఆ తరువాత గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా, నీ డిస్కు నాకు నాలుగు దినాలు కావాల."

"ఆ నలభై ఒక్క మెషిన్లూ మళ్లీ చూస్తారా సార్?"

"చూడకుంటే నాకు నిద్ర రాదు. కాని మా డిస్కు సంగతి బయట చెప్పొద్దు."

రేణు ఒప్పుకుని డిస్కు ఇచ్చింది. మారక్క ఊరుకోలేదు. మంచి పని మీద పోయే వస్తువుకు బొట్టు లేకపోతే ఎట్లా అంది. ఈసారి రేణు దగ్గరుండి, 6 అని అంకె ఉన్న వైపే పెట్టించింది. మాదేశ్ దాన్ని రెండు చేతులతో అందుకుని ఫైలులో దాచుకున్నాడు.

గుమ్మంలో రామకృష్ణప్ప పురికొస ఉండతో నిలబడి ఉన్నాడు. "అందరికీ అన్నీ ఇచ్చినారు. నా మొదటి చెట్టు మటుకు బోడిగా ఉండాది. పళ్లెంలో ఏమన్నా పెడతారా?" అన్నాడు.

ఇంట్లో మిగిలిన డిస్కు ఒక్కటే. రేణు మాదేశ్ వైపు చూసింది. మాదేశ్ బల్ల మీది ప్లాస్టిక్ కవరు వైపు చూసి, తన సంచి భుజానికి తగిలించుకుని, ఏమీ చూడనట్టు మెట్లు దిగిపోయాడు. మారక్క పసుపు గిన్నె అందుకుంది.

మర్నాడు తూర్పు కొమ్మకు ప్రభుత్వ ముద్ర వేసిన డిస్కు వేలాడింది, చిలకలు దాని పక్కనే కూర్చుని కాయలు తిన్నాయి.